జాహెదా పక్కన పెట్టని దిమ్మె

జాహెదా పుట్టింది గురజాలలో, సైకిళ్ళు బాగుచేసుకుని బతికే ఇంట్లో. పంతొమ్మిదో ఏట దావూద్‌ను చేసుకుని మాచర్ల వచ్చింది. దావూద్ వాళ్ళది తరిమెన పట్టే ఇల్లు, చెక్కను తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీసే పని. స్టేషన్ వెనక వీధిలో నాపరాళ్ళు నిలబెట్టి, పైన రేకులు కప్పిన షెడ్డు. అందులో అతని తండ్రి వాడిన తరిమెన. తండ్రి కాలంలో ఒక మనిషి తాడు లాగుతుంటే చెక్క తిరిగేది, ఇంకో మనిషి ఉలి పట్టేవాడు. దావూద్ చేతికి వచ్చాక దానికి మోటారు పెట్టించాడు. మంచం కోళ్ళు, కవ్వాలు, అప్పడాల కర్రలు, పిల్లల బొంగరాలు అన్నీ ఆ షెడ్డులోంచే పోయేవి. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళి కుదిరితే మంచం కోళ్ళ కోసం దావూద్ దగ్గరికే వచ్చేవాళ్ళు.

జాహెదా కాపురానికి వచ్చిన పదేళ్ళలో ఆ రావడం ఆగిపోయింది. మంచాలు షోరూముల్లో దొరకసాగాయి. మజ్జిగ చిలకడానికి కరెంటు మిషన్లు వచ్చాయి. దావూద్ ఏడాదిలో సగం రోజులు దాచేపల్లి వైపు పోయి, సిమెంటు లారీల మీద పట్టాలు కట్టే పని చేసేవాడు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా షెడ్డు తాళం తీసి, తరిమెన మీద పేరుకున్న దుమ్ము గుడ్డతో తుడిచి, మళ్ళీ తాళం వేసేవాడు. ఆ తుడవడం చూసి జాహెదా కాళ్ళకు నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టేది.

అలాంటి రోజుల్లో ప్రశాంతి అనే ఆవిడ వాళ్ళ షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది. నరసరావుపేట మనిషి. హైదరాబాదులో ఉద్యోగం మానుకుని, విజయవాడలో చిన్న గోదాము ఒకటి అద్దెకు తీసుకుని, చెక్కతో చేసిన వంటింటి సామాను విదేశాలకు పంపుతోంది. టేకు వద్దు, అడవిలోంచి వచ్చే కలప అసలే వద్దు, రైతుల పొలాల్లో పెరిగిన ఈ నేల చెట్టు ఏదైనా కావాలంది. దావూద్ కాస్త ఆలోచించి నల్లతుమ్మ అన్నాడు. మెట్ట చేల గట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగే చెట్టు. ఒకప్పుడు బండి చక్రాలకూ నాగళ్ళకూ దాన్ని మించిన కర్ర లేదు. బళ్ళూ నాగళ్ళూ మూలపడ్డాక బొగ్గు బట్టీలకు పోతోంది.

మూలన పడున్న తుమ్మ ముక్కను తరిమెనకెక్కించి, ఆవిడ టీ తాగేలోగా దావూద్ చిన్న గిన్నె తీసి చేతిలో పెట్టాడు. లోపలి చేవ ఎండు మిరపకాయ తొక్క రంగులో మెరిసింది. ప్రశాంతి దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. కొబ్బరినూనె రాస్తే రంగు ఇంకా ముదురుతుందని జాహెదా గుమ్మంలోంచి చెప్పింది. షెడ్డులో పని గురించి ఆమె నోరు విప్పడం అదే మొదలు.

మొదటి ఆర్డరు అరవై గిన్నెలు. జర్మనీకి పోయాయి. రెండు నెలలకు ప్రశాంతి ఫోన్లో ఫోటోలు పంపింది. సగానికి పైగా గిన్నెలు అంచు నుంచి అడుగుదాకా పగిలి ఉన్నాయి. అక్కడ చలికాలం ఇళ్ళలో వేడి పెట్టుకుంటారట, గాలి పొడిగా ఉంటుందట, చెక్కలో మిగిలిన తడిని ఆ గాలి లాగేసిందట. దావూద్ ఫోటోలు ఒక్కొక్కటీ చూసి, ఫోను భార్య చేతికిచ్చి బయటికి పోయాడు. ఇరవై ఏళ్ళుగా అతని చేతిలోంచి పోయిన వస్తువు ఏదీ బాగలేదని తిరిగి రాలేదు. ఆ పూట అన్నం తినలేదు.

ప్రశాంతి వాళ్ళను వదిలెయ్యలేదు. తడి ఎంత ఉందో చూపించే మీటరు తెచ్చి ఇచ్చింది. దావూద్ కూడా పంతం పట్టి, నలభై ఏళ్ళ వయసులో పని మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. దుంగను కోయించి, ఒకసారి లావుగా గిన్నె ఆకారం తీసి, కొసలకు మైనం పూసి, రంపపు పొట్టులో కప్పి, నీడన ఏడెనిమిది నెలలు ఆరనివ్వాలి. ఆరాకే మళ్ళీ తరిమెనకెక్కించి పలచగా తియ్యాలి. సగం పనైన ఆ లావుపాటి ముద్దల్ని వాళ్ళింట్లో దిమ్మెలనేవాళ్ళు.

మైనం పూయడం, పొట్టు మార్చడం, వారానికోసారి తూచి బరువు ఇంకా తగ్గుతోందా, నిలబడిందా అని చూడడం జాహెదా పనులయ్యాయి. తరిమెనకెక్కించే ముందు ఆఖరి పరీక్ష కూడా ఆమెదే. మీటరు తడిని చెబుతుంది గాని పగులును చెప్పదు. పగులు తెలియాలంటే దిమ్మెను ఎడమ అరచేతి మీద నిలిపి, చిన్న సుత్తితో తట్టి వినాలి. గట్టి దిమ్మె ఖణేలుమంటుంది. లోపల నెర్రె ఉన్నది బొంగురుగా పలుకుతుంది. బాగున్నవాటిని ఆమె తరిమెనకు కుడిపక్క వరసగా పెట్టేది. అనుమానం ఉన్నవాటిని పొయ్యిలోకని గుమ్మం పక్కన పడేసేది. కుడిపక్క వరసలోంచి దావూద్ చూడకుండానే తీసి బిగించుకునేవాడు. రోజంతా ఇద్దరూ ఒకే చోట ఉండి, పది మాటలు మాట్లాడుకోకుండా పని చేసుకున్న ఏళ్ళవి. ఆ తర్వాత వెళ్ళిన గిన్నెల్లో పగిలాయన్న కబురు ఒక్కటీ రాలేదు. దావూద్ దాచేపల్లి పోవడం మానేశాడు. కూతురు నిఖత్‌ను నరసరావుపేటలో కాలేజీలో చేర్చారు.

మూడేళ్ళ కిందటి రంజాన్ నెలలో మూడు వందల గిన్నెల ఆర్డరు పంపాల్సి వచ్చింది. శుక్రవారం పొద్దున లారీ వస్తుంది. చెన్నైలో ఓడకు అందాలి. గురువారం మధ్యాహ్నానికి రెండు గిన్నెలు మిగిలాయి. పెద్దవి, పళ్ళు పెట్టుకునేవి. ఇద్దరూ ఉపవాసంతో ఉన్నారు. రేకుల కింద షెడ్డు మండిపోతోంది. జాహెదా పొట్టులో చెయ్యి పెట్టి, ఆరిన పెద్ద దిమ్మెలు రెండూ తీసి తట్టింది. ఒకటి బాగుంది. రెండోది తట్టగానే బొంగురుగా పలికింది. వెలుతురుకు తిప్పి చూస్తే అంచు పక్కన తలవెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. గోరుతో గీకి చూసింది. పై పొర వరకేనేమో, ఉలి పడితే పోతుందేమో అనుకుంది. ఇంకో పెద్ద దిమ్మె లేదు. ఇది లేకపోతే ఒక గిన్నె తక్కువ పంపుతున్నామని ప్రశాంతికి ఫోన్ చేసి చెబితే అయిపోయేది. ఆ సంగతి జాహెదాకు తర్వాత వెయ్యిసార్లు తోచింది. అప్పుడు మాత్రం తోచలేదు. దిమ్మెను కుడిపక్క పెట్టి, ఇఫ్తార్‌కు నానబోసిన శనగలు పొయ్యి మీద పెట్టడానికి ఇంట్లోకి పోయింది.

శనగల్లో ఉప్పు వేస్తుండగా టైరు పేలినట్టు చప్పుడైంది. పరిగెత్తుకొచ్చేసరికి దావూద్ నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. తరిమెన ఇంకా తిరుగుతూనే ఉంది, దాని మీద సగం దిమ్మె ఉంది. ముఖానికి అడ్డుగా పెట్టుకోమని ప్రశాంతి కొనిచ్చిన ప్లాస్టిక్ షీల్డు అతని నెత్తి మీదికి ఎత్తి ఉంది. చెమటకు మసకబారి ఏమీ కనపడక ఎత్తుకున్నాడు.

ఎడమ కన్ను ఆ రోజే పోయింది. కుడి కన్ను నిలబడుతుందనుకున్నారు. గుంటూరుకు ఎన్ని సార్లు తిరిగినా, మూడు నెలల్లో అదీ మసకబారుతూ వచ్చి, చివరికి వెలుగుకూ చీకటికీ తేడా తెలిసేంత చూపు మాత్రమే మిగిలింది. దావూద్‌కు అప్పటికి నలభై ఆరేళ్ళు.

పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ దావూద్ ఒకే మాట చెప్పేవాడు. షీల్డు ఎత్తుకున్నాను, తప్పు నాదే అనేవాడు. అన్న షౌకత్ దిమ్మె పుచ్చిపోయిందేమో అని అడిగితే, కాదని గట్టిగా అన్నాడు. ప్రశాంతి వచ్చి, తొందరపెట్టింది నేనే అని కళ్ళు తుడుచుకుంటే, ఆమెకూ అదే చెప్పాడు. ఆ మాట వినపడినప్పుడల్లా జాహెదా ఏదో పనున్నట్టు లేచి లోపలికి పోయేది.

చెబుదామని మూడుసార్లు అనుకుంది. ఆస్పత్రి వరండాలో అనుకుంది. కట్టు విప్పిన రోజు అనుకుంది. కుడి కన్ను కూడా ఇక రాదని డాక్టరు చెప్పిన రోజు బస్సులో పక్కన కూర్చుని అనుకుంది. మనిషి ఇప్పటికే ఇంత మోస్తున్నాడు, పైన ఇదొకటి ఎందుకని మూడుసార్లూ ఆగిపోయింది. ఆ ఆగడంలో ఆయన మేలు ఎంతో, తన భయం ఎంతో ఆమెకు లోపల తెలుస్తూనే ఉంది. పగిలిన ముక్కల్ని ఊడ్చి పొయ్యిలో వేసింది కూడా ఆమే.

షౌకత్‌కు బస్టాండు దగ్గర ఆటోలు బాగుచేసే షాపు ఉంది. తమ్ముడంటే ప్రాణం. తరిమెన అమ్మేసి, ఆ షెడ్డులో కిరాణా కొట్టు పెట్టుకోండి, కావాల్సింది నేను చూస్తాను అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. జాహెదా ఒప్పుకోలేదు. తరిమెన తనే పడతానంది. ఆడమనిషి తరిమెన పట్టడం నువ్వెక్కడన్నా చూశావా అని షౌకత్ అడిగాడు. చూడలేదంది. వీధిలో వాళ్ళు ఇంటాయన మీద ప్రేమ అన్నారు, కొందరు మొండితనం అన్నారు. ఆ తరిమెన ముందు తను నిలబడకపోతే ఇంట్లో కూర్చుని అన్నం తినలేనని ఆమె ఎవరికి చెబుతుంది?

దావూద్ పాత చొక్కా తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి, జుట్టు గుడ్డలో కట్టేసి, షీల్డు గడ్డం దాకా దించుకుని నిలబడింది. దావూద్ పక్కన స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. ఉలి చెక్కకు తగిలే చప్పుడును బట్టి ఉలి ఎక్కడుందో చెప్పేవాడు. కిందికి జారింది, ఎత్తమనేవాడు. నొక్కొద్దు, చెక్కే తీసుకుంటుంది అనేవాడు. మొదటి నెల తీసిన గిన్నెల్లో ఒక్కటీ పనికిరాలేదు. ఒకసారి ఉలి ఎగిరి మోచెయ్యి చీరుకుపోయింది. చేతికి కట్టు కట్టుకుని, మూడో రోజుకే మళ్ళీ వచ్చి నిలబడింది. రాత్రికి భుజాలు పట్టేసి దుప్పటి కూడా లాక్కోలేకపోయేది. దావూద్ తడుముకుంటూ వచ్చి ఆ భుజాలకు నూనె రాసేవాడు. అతని వేళ్ళు మెత్తగా తగులుతుంటే ఆమె గోడవైపు తిరిగి పళ్ళు బిగించుకునేది. నొప్పికనుకునేవాడు.

నాలుగో నెలలో ఒక గిన్నె తీసి అతని చేతిలో పెట్టింది. దావూద్ బొటనవేలితో అంచు చుట్టూ, లోపల అడుగు దాకా తడిమాడు. మళ్ళీ ఒకసారి తడిమాడు.

"ఇది పంపొచ్చు," అన్నాడు.

బొల్లాపల్లి వైపు నుంచి వెంకట్రామయ్య అనే రైతు వాళ్ళకు తుమ్మ దుంగలు తెచ్చేవాడు. తన చేల గట్ల మీదవే, అనుమతి కాగితం తీసుకున్నాకే కొట్టించేవాడు. ట్రాక్టరు దిగి షెడ్డులోకి వచ్చి, తరిమెన ముందు జాహెదాను చూసి ఆగాడు.

"ఏందమ్మాయ్, మొగోళ్ళకే చేతులు పడిపోయే పని గదా ఇది," అన్నాడు.

"పడిపోతానే ఉండయ్ బాబాయ్," అంది ఆమె ఉలి దించకుండా.

ఆయన నవ్వలేదు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, ఆ రోజు దుంగలు దింపడానికి తనూ ఒక చెయ్యి వేశాడు. అప్పటినుంచి లావుగా, చేవ నిండుగా ఉన్న దుంగల్ని ముందే వేరు చేసి తెచ్చేవాడు.

దిమ్మెలు తట్టి చూసే పని మాత్రం జాహెదా చేతిలోంచి దావూద్ చేతికి మారింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఒక పొద్దున తట్టబోయి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలియని దావూద్ తన చెయ్యి చాచాడు. ఆమె దిమ్మెనూ సుత్తినీ ఆ చేతిలో పెట్టింది. చూపు పోయిన మనిషికి పని దొరికినందుకు అతను సంతోషపడ్డాడు. తట్టి, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తట్టి, ఇది పెట్టు, ఇది తీసెయ్ అనేవాడు. అతను తీసెయ్యమన్నది కోసి చూస్తే లోపల ఎక్కడో నెర్రె ఉండేది. అలా రెండేళ్ళు గడిచాయి. జాహెదా చేతి గిన్నెలు జర్మనీకీ, డెన్మార్కుకూ పోతున్నాయి.

పోయిన డిసెంబరులో ప్రశాంతి ఒక కెమెరా మనిషిని తీసుకొచ్చింది. గిన్నె ఎవరి చేతుల్లో తయారైందో కొనేవాళ్ళకు చూపించాలట. దావూద్ ఉతికిన తెల్ల లాల్చీ తొడుక్కుని స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. ప్రశాంతి అడుగుతుంటే తండ్రి తాడు తరిమెన నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా, నిండుగా చెప్పుకొచ్చాడు. ఆ వెనక జాహెదా పని చేస్తూ ఉండాలన్నారు. ప్రమాదం సంగతి వచ్చింది. షీల్డు ఎత్తుకున్నానని ఎప్పటిలాగే చెప్పాడు. ఆమె ఆ మాటకు అలవాటు పడిపోయింది, ఉలి కదలలేదు. దావూద్ అక్కడితో ఆపలేదు.

"నా భార్య తట్టి పెట్టిన దిమ్మె నేను మళ్ళా చూసేవాణ్ణి కాదు. ఆరేళ్ళల్లో ఒక్క చెడ్డది ఆ వరసలో పెట్టలా. ఆ రోజుది కూడా మంచిదే అయ్యుంటది. నేనే ఉలి తప్పుగా పెట్టి ఉంటా," అన్నాడు.

జాహెదా మోటారు ఆపింది. కెమెరా మనిషి ఇంకొకసారి ఉలి పట్టమన్నాడు. ఆమె షీల్డు తీసి బల్ల మీద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. తల తిరుగుతోందని ప్రశాంతితో చెప్పింది.

వాళ్ళ కారు వీధి మలుపు తిరిగాక బయటికి వచ్చింది. సాయంత్రం పూట అసర్ నమాజుకు ఇంకా వేళ కాలేదు. దావూద్ లాల్చీతోనే స్టూలు మీద ఉన్నాడు. ఆమె ఎదురుగా పొట్టులోనే కూర్చుంది.

"ఆ రోజు దిమ్మె మంచిది కాదు," అంది.

దావూద్ తల ఆమె గొంతు వైపు తిప్పాడు. "ఏ రోజు?"

"మీ కళ్ళు పోయిన రోజు. నేను తట్టినా. బొంగురుగా పలికింది. అంచు పక్కన గీత కూడా చూసినా. చూసి కూడా వరసలో పెట్టినా."



"ఎందుకు?"

"ఒకటి తక్కువైంది."

"ఒకటేనా?"

"ఒకటే."

ఇంకా చెప్పింది. షీల్డు మాట ఆయన నోట వచ్చినప్పుడల్లా తను లోపలికి ఎందుకు పోయేదో, తరిమెన ఎందుకు పట్టిందో, దిమ్మె తట్టబోయిన చెయ్యి ఎందుకు ఆగిందో అన్నీ చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది. దావూద్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక షౌకత్‌కు ఫోన్ కలపమన్నాడు. ఆమే నంబరు నొక్కి చేతికిచ్చింది. వచ్చి నన్ను తీసుకుపో అని అన్నకు చెప్పాడు. బండి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

మర్నాడు షౌకత్ వచ్చి గుమ్మంలో నిలబడి అరిచాడు. తమ్ముడి బతుకు చీకటి చేసి, మూడేళ్ళు అతని చేతే తప్పు ఒప్పించావన్నాడు. వీధి వీధంతా విన్నది. జాహెదా తలుపు మూయలేదు. అతను అన్నదాంట్లో కాదనడానికి ఆమెకు ఏమీ కనపడలేదు. కబురు తెలిసి నిఖత్ నరసరావుపేట నుంచి వచ్చింది. నాకైనా ఎందుకు చెప్పలేదు అమ్మీ అని అడిగింది. అబ్బాకు చెప్పకుండా నీకు ఎట్లా చెబుతానే అంది తల్లి. నిఖత్ రెండు రోజులు పెద్దనాన్న ఇంట్లో, రెండు రోజులు ఇక్కడ ఉండి, పరీక్షలున్నాయని వెళ్ళిపోయింది. ఎవరి వైపూ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు తల్లి మోచేతి మీద పాత మచ్చను ఒకసారి నిమిరింది.

దావూద్ పదకొండు రోజులు రాలేదు. షెడ్డులో దిమ్మెలు తట్టే మనిషి లేడు. జాహెదా సుత్తి తీసుకుంది. మంచి దిమ్మెను కూడా నాలుగైదు సార్లు తట్టేది. ఖణేలుమని వినిపించినా చెవిని నమ్మబుద్ధయ్యేది కాదు. గుమ్మం పక్కన కుప్ప పెరుగుతూ పోయింది. చివరికి ప్రశాంతికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి, ఈసారి గిన్నెలు తక్కువ వస్తాయంది. తక్కువే పంపించండి అక్కా అంది ప్రశాంతి. అంత తేలికైన మాట. ఫోన్ పెట్టేశాక జాహెదా తరిమెనకు ఆనుకుని, ఆ పదకొండు రోజుల్లో మొదటిసారి ఏడ్చింది.

పన్నెండో రోజు శుక్రవారం. జుమా నమాజు అయ్యాక షౌకత్ బండి వీధి మొదట్లో ఆగింది. దావూద్ దిగి, గోడ పట్టుకుని తనంతట తనే నడిచి వచ్చాడు. స్టూలు తడుముకుని కూర్చున్నాడు. షౌకత్ బండి దిగలేదు; తమ్ముడు కూర్చునేదాకా చూసి వెళ్ళిపోయాడు.

"ఆరిన దిమ్మెలు ఎన్ని ఉండయ్?" అని అడిగాడు దావూద్.

"పద్నాలుగు."

"తే."

ఒక్కొక్కటే తట్టాడు. మూడు తీసెయ్యమన్నాడు. గుమ్మం పక్కన కుప్పలో ఉన్నవి కూడా తెప్పించి తట్టి, అందులో ఐదు మంచివేనని వరసలో పెట్టించాడు. చేతికంటిన పొట్టు దులుపుకున్నాక అప్పుడు నోరు విప్పాడు.

"షీల్డు ఎత్తుకున్న మాట అబద్ధం కాదు. అది నేను చేసిందే. గీత చూసి పెట్టింది నువ్వు. రెండూ కలిసి నా కళ్ళు తీసినయ్. ఇంక ఈ ఇంట్లో ఎవరిది వాళ్ళే మోసుకోవాల. నీది నేను మొయ్యను, నాది నువ్వు మొయ్యబాక."

జాహెదా ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాఫీ సంగతి ఇప్పుడు అడగబాక. నా దగ్గర ఉందో లేదో నాకే తెలవదు."

ఆ సాయంత్రమే ప్రశాంతికి ఫోన్ చేయించి, దిమ్మె మంచిదని తను అన్న మాట వీడియోలోంచి తీసెయ్యమన్నాడు. ఆమె వీడియో అంతా పక్కన పెట్టేసి, చేతులు మాత్రమే కనిపించే చిన్న ముక్క ఒకటి ఉంచుకుంది.

ఆ తర్వాత రెండు మూడు నెలలు వాళ్ళ మధ్య పని మాటలే నడిచాయి. ఉలి ఎత్తు, దించు, ఇది పెట్టు, ఇది తీసెయ్. అన్నం వడ్డిస్తే తినేవాడు. భుజాలకు నూనె రాయడం లేదు, ఆమె అడగలేదు. మళ్ళీ రంజాన్ వచ్చింది. మొదటి రోజు ఇఫ్తార్‌కు నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు, దావూద్ గిన్నెలోంచి ఖర్జూరం తీసి, ఆమె ఉందనుకున్న వైపు చాచాడు. ఆమె కాస్త అవతలగా ఉంది. జరిగి వచ్చి తీసుకుంది.

ఇప్పుడు షెడ్డులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. వీధి చివరి ఆసియా ఉలి నేర్చుకుంటోంది. విజయపురి సౌత్ నుంచి వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న కోటమ్మ గిన్నెలకు ఉప్పుకాగితం పట్టి, కొబ్బరినూనె, తేనెమైనం కలిపి రాస్తుంది. ఇద్దరికీ చేరిన మొదటి రోజే జాహెదా ఆ దిమ్మె సంగతి చెప్పింది. దావూద్ స్టూలు మీద ఉండగానే, అతనికి వినపడేటట్టే చెప్పింది. ఊరందరికీ తెలిసిందే గదా, మళ్ళీ నీ నోటితో ఎందుకు చెప్పుకుంటావు వదినా అని కోటమ్మ అడిగింది. ఊళ్ళో చెప్పుకునేది వేరుగా ఉంటుంది, మీరు నా దగ్గర వినాలి అంది జాహెదా.

ఆసియా చిన్న పిల్ల, మనసులో ఉన్నది దాచుకోలేదు. ఒకరోజు దిమ్మెలు అందిస్తూ దావూద్‌నే అడిగేసింది.

"చాచా, మరి మాఫ్ చేశారా?"

తరిమెన దగ్గర జాహెదా చెయ్యి ఆగింది. దావూద్ చేతిలో ఉన్న దిమ్మెను తట్టి విన్నాడు.

"కొంత చేసినానమ్మా," అన్నాడు. "ఇంకా కొంత ఉంది."

జాహెదా ఆ మాట విన్నది. తల వంచుకుని, దిమ్మెను పట్టిన మరలు ఇంకోసారి బిగించింది. బయట వెంకట్రామయ్య ట్రాక్టరు చప్పుడు వినపడితే, దుంగలు దింపించడానికి కోటమ్మను రమ్మని పిలుస్తూ వీధిలోకి నడిచింది.